కంటాసుపత్రి వెనక లాడ్జి

మా ఊళ్ళో ఎవరినైనా గుంటూరులో మంచి లాడ్జి ఏదని అడిగి చూడండి. ఏడాదికోసారి బస్సెక్కేవాడు కూడా గుంటూరంతా తనే దగ్గరుండి కట్టించినట్టు చెబుతాడు. చెప్పింది ఏ ఇద్దరిదీ కలవదు. తొంభైల చివర్లో ఒక ఫిబ్రవరిలో, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజుల్లో, నేను ఇంటింటికీ తిరిగి ఇదే ప్రశ్న అడిగాను. సరదాకి కాదు, అమ్మ కంటి కోసం.

అమ్మకి ఉన్నది ఒక్క కన్నే. ఎడమ కన్ను నేను పుట్టకముందే పోయింది. పత్తి మోళ్ళు పీకుతుంటే పుల్ల ఎగిరి గుచ్చుకుందట. మిగిలిన కుడి కంటితోనే నన్ను పెంచింది, మిరపకాయలు ఏరింది. మంచి ఎర్రకాయ ఒక పక్కకి, రంగు పోయిన తాలుకాయ ఒక పక్కకి. ఆ పనిలో మా పేటలో అమ్మ చేతికి తిరుగులేదు. ఆ సంవత్సరం ఆ కంటికీ శుక్లం వచ్చి ముదిరింది. తాలుకాయలు మంచికాయల్లో కలిపేస్తోందని రైతు ఒకటి రెండుసార్లు సణిగాడు. ఆ తర్వాత కల్లానికి పిలవడమే మానేశాడు. పిలుపు రాని రోజు అమ్మ అన్నం ముట్టుకోలేదు.

"నీ మొహం కనపడకపోయినా పర్లేదే. నీ మొహం నాకు తెలిసిందేగా. కాయ కనపడకపోతే ఇంక నేనెందుకు?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురి మొహం కంటే తాలుకాయ ఎక్కువైందా అని గట్టిగా అరిచాను. అరిచేసి పెరట్లోకి పోయి ఏడ్చాను. నాకు ముక్కు మీదే కోపం. మిషన్ స్కూల్లో పంతులమ్మని, పిల్లల మీద అరిచి అరిచి ఇంట్లో కూడా గొంతు తగ్గేది కాదు. అమ్మా నేనూ ఇద్దరమే ఉండేవాళ్ళం కాబట్టి ఆ అరుపులన్నీ ఆవిడే పడేది.

గుంటూరు కంటాసుపత్రిలో డాక్టరు గారు చూసి, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. నేను కుర్చీలోంచి లేవబోతుంటే మళ్ళీ కూర్చోమన్నారు.

"చేయడం నా పని. కాపాడుకోవడం మీ పని. వారం రోజులు దగ్గకూడదు, తుమ్మకూడదు, వంగకూడదు. గట్టిగా దగ్గితే కుట్లు కదులుతాయి. ఈవిడకి ఇంకో కన్ను లేదు, గుర్తుపెట్టుకోండి" అన్నారు.

ఆసుపత్రిలో మంచాలు తక్కువ. ఆపరేషన్ రోజు రాత్రి ఒక్కటే ఉంచుకుంటారు. ఆ తర్వాత రోజూ తీసుకొచ్చి చూపించాలి. మా ఊరి నుంచి ఆ గతుకుల రోడ్డులో బస్సు మీద తీసుకురావడం కుదరని పని. అంటే గుంటూరులోనే ఎక్కడో ఉండాలి. ఆసుపత్రికి అమ్మ నడిచి రాగలిగే దూరంలో, మెట్లు ఎక్కే పని లేకుండా, నా జీతానికి అందే అద్దెలో. అన్నిటికంటే ముఖ్యంగా, దగ్గు రాని చోట.

చూస్తే మాకు కుదిరేవి మూడే. బస్టాండు ఎదురుగా పెద్ద హోటలు ఉంది. లిఫ్టు, గదిలో టీవీ, అన్నీ ఉన్నాయి, మేం తప్ప. సత్రం ఒకటి ఉంది. అద్దె లేదు, కానీ ఒకే హాల్లో నలభైమంది పడుకోవాలి, పక్కవాడు బీడీ కాల్చినా అడిగే దిక్కుండదు. మూడోది కంటాసుపత్రి వెనక సందులో పాత లాడ్జి. అద్దె తక్కువ. కింద గదులున్నాయి. వెనక గేటులోంచి ఆసుపత్రికి నాలుగడుగులు. మా కోసమే కట్టినట్టుంది. కానీ దాని గురించి ఊళ్ళో అడిగేసరికే నా బుర్ర తిరిగిపోయింది.

మొదట అడిగింది అమ్మని పని మాన్పించిన రైతు గారి భార్యని. ఆవిడ శుభ్రానికి ఊరంతా హడలు. వాళ్ళ ఇంట్లో మంచినీళ్ళ బిందె ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ తోమిస్తుంది. ఆ లాడ్జి పేరెత్తగానే చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"ఆ కొంపలోకా! వద్దే తల్లీ. మా ఆయన మిర్చి యార్డుకి కాయ తెచ్చినప్పుడు నేనూ పోయి ఒక రాత్రి ఉన్నా. తెల్లార్లూ దగ్గే దగ్గు. గోడల్లోనే ఏదో ఘాటుంది. మా దుప్పటి మేం పరుచుకుని పడుకున్నా తప్పలేదంటే చూస్కో!"

అక్కణ్ణించి లారీ డ్రైవరు ఇంటికి వెళ్ళాను. ఆ మహానుభావుడు మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, యార్డుకి తోలి, బేరం తెగేదాకా ఆ లాడ్జిలోనే ఉంటాడు. స్నానం ఆదివారం చేస్తాడో, ఆ ఆదివారం కూడా చేయడో ఎవరికీ తెలియదు.

"ఆ లాడ్జికేమండీ టీచరు గారూ, స్వర్గం. మంచమ్మీద ఇట్టా వాలితే అట్టా నిద్ర. దగ్గా? దగ్గెందుకొస్తదండీ?" అన్నాడు.

ఎవరి మాట నమ్మాలి? శుభ్రమైన మనిషి మాటా, వాసన కొట్టే మనిషి మాటా? ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. శుభ్రంగా ఉండేవాళ్ళ మాటలే నమ్మి బుర్రలో పెట్టుకున్నాను. చిత్రం ఏంటంటే, ఊళ్ళో పద్ధతైన ఇళ్ళవాళ్ళంతా ఆ లాడ్జిని తిట్టారు. ఎక్కడ పడితే అక్కడ పడుకునేవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఇంకేముంది, తేలిపోయిందనుకున్నాను. అప్పుడు మాకు జాకెట్లు కుట్టే సాయెబు గారు కలిశారు. ఆయన అబద్ధం చెప్పగా నేను వినలేదు. గుడ్డ తక్కువైతే తక్కువైందని మొహం మీదే చెప్పే మనిషి. ఆయన భార్యకి వానాకాలంలో అదే ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, అదే లాడ్జిలో ఉన్నారు.

"బాగుందమ్మా. నీళ్ళొస్తయ్, గాలొస్తది. మేనేజరు కూడా మర్యాదస్తుడు. దగ్గా? మాకెవరికీ రాలేదే!" అన్నారాయన, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాను. అమ్మ నవ్వింది. "ఊరంతా అడిగావు, నన్నడిగావటే? నేను నడవగలిగే చోటు చూడవే. ఆటోలో కుదిపావంటే నేనే దూకేస్తా" అంది. అంతే, లాడ్జి ఖాయం చేశాను. దగ్గర అనే ఒక్క మాట తప్ప నాకు ఇంకేదీ నిజమనిపించలేదు.

బయల్దేరే ముందు అమ్మ ఒక పని చేసింది. మా పేటలో ఎంత లేనివాళ్ళైనా లాడ్జి దుప్పటి మీద పడుకోరు. ఎవరెవరు పడుకున్నారో ఏమోనని తమ దుప్పటి తామే పట్టుకెళ్తారు. అది మా పరువు. కనిపించని కంటితోనే అమ్మ రెండు దుప్పట్లు సబ్బు పెట్టి ఉతికింది, చేత్తో తడిమి తడిమి మరకలు వదిలించింది, ఇంటి ముందు దండెం మీద ఆరేసి, మడతపెట్టింది. ఆపరేషన్‌కి పోతూ దుప్పట్లేంటే అని నేను విసుక్కుంటే, "పట్నం వాళ్ళు మనల్ని చూసి ముక్కు మూసుకోకూడదు" అంది.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం లాడ్జికి చేరాం. గది చిన్నదే, బాగానే ఉంది. నీలం సున్నం గోడలు, ఒక కిటికీ, పైన ఫ్యాను. సందులో రిక్షాల గోలకి కిటికీ మూసి, అమ్మ దుప్పటి పరిచి, ఫ్యాను పెద్దది చేశాను. అమ్మ పడుకుని చిన్నగా ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ దాకా రాకుండానే దగ్గు అందుకుంది.

ముందు చిన్న దగ్గే. తర్వాత ఆగలేదు. లేచి కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ దగ్గింది. నా గొంతులో కూడా గరగర మొదలైంది. అయితే రైతు గారి భార్య చెప్పిందే నిజం! తెల్లారితే ఆపరేషన్. ఇలా దగ్గితే డాక్టరు చేయనంటాడు. చేశాక దగ్గితే ఆ ఒక్క కన్నూ పోతుంది. నడిచే దూరమని నేను కక్కుర్తిపడి తెచ్చాను అనుకున్నాను.

విసురుగా కౌంటరు దగ్గరికి పోయాను. మేనేజరు పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఏవండీ, ఇది లాడ్జా, కారం మిల్లా? కంటి పేషెంట్లకి గదులిస్తూ ఈ ఘాటేంటండీ?"

"అమ్మా, నెమ్మదిగా. గది మారుస్తాను" అన్నాడాయన. "కోపం తెచ్చుకోకండి. యార్డు సీజన్లో మీ వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు ఇదే మాటంటారు. నేను రోజంతా ఇక్కడే ఉంటా. నాకేమీ తెలియదు."

"మీకు తెలియకపోతే లేనట్టా?" అని అరిచి, అమ్మని పక్కగదికి మార్చాను. నేనే దుప్పటి తీసుకొచ్చి, దులిపి, శుభ్రంగా పరిచాను. ఫ్యాను వేశాను. అమ్మ పడుకుంది. మళ్ళీ అదే దగ్గు, ఈసారి ఇంకా ఎక్కువగా.

ఇంతలో మేం ఖాళీ చేసిన గదిలోకి వినుకొండ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన దిగాడు. తమ్ముడికి కంట్లో ఏదో పడితే చూపించడానికి వచ్చాడట. ఈయన కూడా దగ్గుతాడు, అప్పుడు మేనేజరు మొహాన సాక్ష్యం చెప్పిస్తానని నేను వరండాలో ఆ తలుపు పక్కనే చెవి రిక్కించి నిలబడ్డాను. దొంగలాగా నిలబడ్డానండీ, పంతులమ్మని అయ్యుండి! లోపల ఫ్యాను తిరుగుతోంది. దగ్గు లేదు. కాసేపటికి గురక వినపడింది. నాకు ఒళ్ళు మండింది. తలుపు కొట్టాను.

ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"మీకు దగ్గు రావట్లేదాండీ?"

"నాకెందుకు దగ్గమ్మా?" అన్నాడు బిత్తరపోయి. ఏ కళనున్నానో, ఆయన్ని బతిమాలి మా గది దాకా తీసుకొచ్చాను. గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో పెద్దగా తుమ్మాడు. వెంటనే ఇంకో రెండు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఏంటి తల్లీ, మిరపకాయలు గానీ మూటగట్టి తెచ్చారా?"

నేను మంచం మీద పరిచిన దుప్పటి వైపు చూశాను. ఉతికిన దుప్పటి. అమ్మ చేతుల్తో సబ్బు పెట్టి, మరక లేకుండా ఉతికిన దుప్పటి. ఇంటి ముందు దండెం మీద ఆరింది, అవునా? ఇంటి ముందు ఏముంది? కల్లం. ఊరు ఊరంతా ఎర్రగా ఎండబోసిన కల్లం. గాలి వీస్తే ఆ దుమ్మంతా తడి దుప్పటికి అంటుకోక ఎక్కడికి పోతుంది? ఆరాక మడతపెట్టి ఎక్కడ పెట్టాం? చేత్తో తడిమి తొడిమలు తీయమని రైతులు ఇంటికి పంపిన టిక్కీల మీద. పట్టుకొచ్చిన సంచీ కూడా టిక్కీ గోతమే. మా ఊళ్ళో ఆరుబయట గాలికి అది ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న గాలి కదా, మాకు అది వాసనే కాదు. కిటికీ మూసిన గదిలో, ఫ్యాను కింద, మొహం దగ్గరికి వస్తే తెలుస్తుంది. అది కూడా లాడ్జిదే అనిపిస్తుంది!

రైతు గారి భార్య శుభ్రంగా తన దుప్పటి తెచ్చుకుంది, రాత్రంతా దగ్గింది. లారీ డ్రైవరు ఉత్త చేతుల్తో వచ్చి లాడ్జి దుప్పటి మీద హాయిగా నిద్రపోయాడు. సాయెబు గారు వానాకాలంలో వచ్చారు, అప్పటికి కల్లాలే లేవు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. అందరూ ఎవరి మూట వాళ్ళు మోసుకొచ్చి లాడ్జి మీద తీర్పు చెప్పారు.

అమ్మకి చెబితే ముందు నమ్మలేదు. దుప్పటి మొహానికి ఆనించుకుని వాసన చూసింది. "సబ్బు వాసనేగా వస్తోంది" అంది. అని, దగ్గింది. ఆ తర్వాత దుప్పటిని దూరంగా తోసేసింది. "నేనే ఉతికానే. నా కన్ను నేనే పోగొట్టుకునేదాన్ని" అని మెల్లిగా అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ పరువు కోసం పడ్డ కష్టమే ఆవిడ కంటి మీదికి వచ్చింది. ఆ దుప్పట్లు, సంచీ, అమ్మ కట్టుకున్న చీర, అన్నీ మూటగట్టి మేనేజరు చేతికిచ్చాను. ఇందాక తిట్టిన నోటితోనే క్షమించమన్నాను. ఆయన ఆ మూటని వెనక సైకిళ్ళ షెడ్డులో పెట్టించి, రెండు ఉతికిన దుప్పట్లు పంపాడు. అమ్మకి తలస్నానం చేయించి, ఇనప్పెట్టెలో పెట్టి తెచ్చుకున్న నా బడి చీర కట్టాను. జీవితంలో మొదటిసారి అమ్మ లాడ్జి దుప్పటి మీద పడుకుంది. ముళ్ళ మీద పడుకున్నట్టు కాసేపు బిగుసుకుపోయింది. అయినా దగ్గలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాటి నుంచి వెనక గేటులోంచి రోజూ నడిపించుకుని వెళ్ళి, కట్టు విప్పించి, మందు వేయించి, మళ్ళీ కట్టించుకుని వచ్చేదాన్ని. గది గుమ్మంలో నేనే కాపలా. మూడో రోజున మా మేనమామ వచ్చాడు. అద్దంకి దగ్గర్నుంచి కాయ తెచ్చి, యార్డులో దించి, అటునుంచి అటే బత్తాయిల సంచీ పట్టుకుని అక్కని చూడ్డానికి వచ్చాడు. లుంగీ నిండా, చొక్కా నిండా, కనుబొమల మీద కూడా ఎర్రటి దుమ్ము. నేను రెండు చేతులూ చాచి తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"మావయ్యా, ఆగు! లోపలికి రాకు. నీ ఒంటి నిండా కారమే. అమ్మ దగ్గిందంటే కన్ను పోద్ది."

"ఏంటే? అక్కని చూడ్డానికొస్తే గుమ్మంలో నిలబెడతావా?"

"కొళాయి దగ్గర స్నానం చేసి రా. గుడ్డలు నేనిప్పిస్తా."

"నేనేం మురికోణ్ణా?" అని కేకేశాడు. లోపల్నుంచి అమ్మ, కదలకుండానే, "ఎవరే, తమ్ముడా? రానీయవే పాపం" అంటోంది. అయినా నేను రానివ్వలేదు. మావయ్య సంచీ అక్కడే పడేసి విసవిసా వెళ్ళిపోయాడు. బత్తాయిలు ఒక్కొక్కటీ కొళాయి కింద కడిగి అమ్మకి ఒలిచి పెట్టాను. తిరుగు దారిలో మా ఊళ్ళో దిగి ఆయన ఏం చెప్పాడో తెలుసా? ఆ లాడ్జిలో చుట్టాల్ని గుమ్మం కూడా తొక్కనివ్వరంట, అంత పొగరంట. ఆ లాడ్జి మీద మా ఊళ్ళో ఇంకో కబురు తయారైంది.

ఊరికి వచ్చేముందు రోజు డాక్టరు గారు కట్టు పూర్తిగా తీసేశారు. అమ్మ రెప్పలు కొట్టుకుంటూ ముందు గోడ చూసింది, తర్వాత కిటికీ చూసింది, తర్వాత నన్ను చూసింది. చూస్తూనే ఉంది.

"నీ మొహం నాకు తెలిసిందే అనుకున్నానే. తెలియదు. ఇంత చిక్కిపోయావేంటే?" అంది.

ఎప్పుడూ అరిచే నేను ఆ రోజు ఆవిడ చూసినంతసేపూ కదలకుండా నిలబడ్డాను.

కన్ను వచ్చింది కానీ పిలుపు రాలేదు. పనికి వెళ్ళొచ్చని డాక్టరు గారు చెప్పేసరికి ఎండలు ముదిరి, ఆఖరి కోత కాయలు కల్లాల్లోకి వచ్చేశాయి. అమ్మ పొద్దున్నే తయారై గుమ్మంలో కూర్చునేది. కూలీలు మా ఇంటి ముందు నుంచే వెళ్ళేవాళ్ళు. ఎవరూ రమ్మనేవాళ్ళు కాదు. ఆపరేషన్ కన్ను ఎంతకాలం నిలుస్తుందిలే అనుకునేవాళ్ళు. అమ్మ మళ్ళీ అన్నం సరిగ్గా తినడం మానేసింది. ఆ కన్ను ఎందుకు కాపాడుకున్నామో నాకూ అర్థం కాకుండా పోయింది.

అప్పుడొచ్చింది రైతు గారి భార్య. వాళ్ళత్తగారికి కూడా శుక్లమేనట, అదే ఆసుపత్రిలో చేస్తారట.

"నిజం చెప్పవే టీచరూ. ఆ లాడ్జి ఎట్టా ఉంది? ఒకళ్ళు బాగుందంటారు, ఒకళ్ళు బాలేదంటారు. మీ మావయ్య అయితే ఆ పేరే ఎత్తొద్దన్నాడు."

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "మీరు తీసుకెళ్ళే దుప్పటి ఒకసారి పట్రండమ్మా."

ఆవిడ వింతగా చూసింది గానీ, పాలేరుని పంపి తెప్పించింది. మల్లెపువ్వులాంటి తెల్ల దుప్పటి. అమ్మ దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, ఒళ్ళో పరుచుకుని, అంచు వెంట మెల్లిగా చూసుకుంటూ పోయింది. ఒక మూల కుట్టు దగ్గర ఆగింది. గోటితో మడత విప్పి, ఏదో తీసి, అరచేతిలో పెట్టి చూపించింది. మిరపగింజ. దాని పక్కన పిసరంత తొక్క.

"ఇదిగోనమ్మా, ఆ రాత్రి మీకు దగ్గు తెప్పించింది. దుప్పటి ఇక్కడే వదిలేసి పోండి. లాడ్జికి ఏ రోగమూ లేదు."

"ఏదీ? నాకేం కనపట్లేదే" అంది ఆవిడ, అరచెయ్యి మీదికి వంగి.

"గింజ ఇది, తొక్క ఇది. తొక్క మంచికాయది కాదు, తాలుకాయది" అంది అమ్మ. తల ఎత్తి ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది. "కల్లానికి నన్నెప్పుడు రమ్మంటారమ్మా?"

ఆవిడ గింజ వైపు ఇంకోసారి చూసింది.

"రేపు పొద్దున్నే వచ్చెయ్" అంది.